ఏడో నంబరు సైకిలు

మామ సంవత్సరీకం ముగిసిన మర్నాడు అత్త తాళంచెవి నా చేతిలో పెట్టింది. "అంగడి గది ఖాళీ చేసియ్యాలమ్మా. ఇంటాయన రెండు నెల్ల నుంచి అడగతానే ఉండాడు. ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో నీకే తెలుసు. ఆ లెక్కలన్నీ రాసింది నువ్వే గదా" అంది.

తిరుపతిలో తీర్థకట్ట వీధి నుంచి పక్కకి తిరిగే సందులో ఉంది ఆ గది. పాతకాలపు పలకల తలుపు. తొమ్మిది పలకలు, ఒక్కోదాని మీద ఒక్కో అంకె. వరస తప్పితే గాడిలో కూర్చోవు. మొదటి పలక ఊడదీశానో లేదో, లోపలి నుంచి వాసన వచ్చి మొహానికి తగిలింది. రబ్బరు, కిరసనాయిలు, గ్రీజు, వాటన్నిటి మీదా పంచరు సొల్యూషన్ ఘాటు. పుట్టిల్లు అంటే చాలామందికి తాలింపు వాసనో సాంబ్రాణి వాసనో గుర్తుకొస్తుందట. నాకు ఇదే. పలక చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో తెలీదు. ఎదురింటామె "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగితే గానీ కదల్లేదు.

* * *

అద్దె సైకిళ్ళ అంగడి అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాలి. మామకి పదకొండు సైకిళ్ళుండేవి. వెనక మడ్డుగార్డు మీద తెల్లరంగుతో నంబరు. గంటకి అర్ధరూపాయి, అరగంటకి పావలా. తెలిసిన మొహమైతే మాట చాలు, తెలియని మొహమైతే చేతి వాచీ విప్పి పెట్టి పోవాలి. అడ్డతొక్కుడు నేర్చుకునే పిల్లలు మోకాలి చిప్పలు గీసుకుని, అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, "అన్నా, అన్నా, చైను ఊడిపోయిందన్నా" అని బతిమాలుకునేవాళ్ళు. గోవిందరాజస్వామి గుడి గంటలు, కొండకి పోయే యాత్రికుల గోవింద నామాలు, "తిరుచానూరు, తిరుచానూరు" అని జీపులవాళ్ళ కేకలు అన్నీ సందు మొదట్లోనే ఆగి, లోపలికి వచ్చేసరికి సన్నగిల్లిపోయేవి. నాకు ఆ సందు నచ్చడానికి అది మొదటి కారణం.

రెండో కారణం లెక్కపుస్తకం. పొడుగాటి పుస్తకం, అయిదు గళ్ళు. నంబరు, పేరు, పోయిన టైము, వచ్చిన టైము, డబ్బులు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మామ ఆ పుస్తకాన్ని నాకు అప్పగించాడు. గడిలో పడాల్సిందే పడుతుంది. ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు. నాలుగింటికి పోయిన మూడో నంబరు అయిదింటికి వస్తుంది. రాకపోతే అది ఎందుకు రాలేదన్నదానికి ఒక జవాబు ఉంటుంది.

బడిలో అలా కాదు. గంట అంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క, దానిమీద ఇనప కడ్డీతో కొట్టేవాళ్ళు. ఆ మోత నాకు చెవుల్లో కాదు, పళ్ళలో తగిలేది. చెవులు మూసుకుంటే టీచరమ్మ చేతులు లాగేసేది. "ఈ పిల్ల ఎవరితోనూ కలవదు. మొహం చూసి మాట్లాడదు. పలికితే ఆపదు, ఆపితే పలకదు" అని అమ్మని పిలిపించి చెప్పింది. అమ్మ భయపడి ఎక్కడెక్కడో తాయెత్తులు కట్టించింది. మామ మటుకు "సందకాడ నా దగ్గిరికి పంపక్కా. నాకు లెక్కరాసే మనిషి కావాల" అన్నాడు.

మా పాత చిత్తూరు జిల్లాలో "గమ్మునుండు" అంటే నోరుమూసుకో అని కసరడం. బడిలో, ఇంట్లో, పెళ్ళిళ్ళలో నేను విన్నది అదే. మామ అదే మాటని "గమ్మున కూచోమ్మా, ఏం పర్లేదు" అనేవాడు. ఆయన అంటే కసిరినట్టుండేది కాదు, చాప పరిచినట్టుండేది.

* * *

తరవాతి ఏడు పూలమ్మి వచ్చింది. అసలు పేరు రాయను, తనకిష్టం ఉండదు. సందులో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. వాళ్ళ అవ్వ గుడి దగ్గర పూలు అమ్మేది. ఎనిమిదేళ్ళ మనవరాలు మేళం మోగితే చెవులు మూసుకుని నేలమీద పడి అరిచేది. బేరానికి వచ్చినవాళ్ళు బెదిరిపోయేవాళ్ళు. అవ్వ మామని అడిగింది: "నాయనా, ఈ బిడ్డని సందకాడ ఒక గంట నీ అంగట్లో కూచోబెట్టుకో. మేళం అయిపోతానే తీసకపోతా."

మామ రెండో స్టూలు వేశాడు. నా స్టూలుకి ఎదురుగా కాదు, పక్కన. ఇద్దరి మొహాలూ సందు వైపే. కావాలనే అలా వేశాడో, గదిలో అంతకన్నా చోటు లేకో నాకు తెలీదు. ఇప్పటికీ ఎవరితోనైనా మనసువిప్పి మాట్లాడాలంటే నాకు పక్కన కూచోవడమే కావాలి.

తొమ్మిది రోజులు ఆ పిల్ల పలకలేదు, నేనూ పలకలేదు. పదో రోజున తిరగేసి పెట్టిన సైకిలు కేసి చూస్తూ అంది:

"ముందు ముప్పై రెండు. ఎనక నలభై."

పుల్లలు. ముందు చక్రానికి ముప్పై రెండు, వెనక చక్రానికి నలభై. నేను ఏడాదిగా ఆ సైకిళ్ళ మధ్య కూచుంటూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పుస్తకం మూసి లేచి, పదకొండు సైకిళ్ళ చుట్టూ తిరిగి లెక్కపెట్టి వచ్చాను.

"అన్నిటికీ అంతే" అన్నాను.

"ఏడువందల తొంబై రెండు" అంది.

"ఎనక ఎందుకు ఎక్కువ?" అని మామని అడిగాను. "మనిషి బరువంతా ఎనక చక్రం మీదే గదమ్మా పడేది" అన్నాడు, పంచరు తొట్టిలోంచి తలెత్తకుండా. ఇద్దరం ఆ సాయంత్రమంతా దాన్నే తలుచుకుంటూ కూచున్నాం. మళ్ళీ మాట్లాడలేదు. ఇంటికెళ్ళి అమ్మతో "నాకు ఒక జతగత్తె దొరికింది" అన్నాను. "ఏం మాట్లాడుకున్నారు?" అంది అమ్మ. పుల్లల లెక్క చెప్పాను. అమ్మ మొహం ముడుచుకుంది. అందులో స్నేహం ఎక్కడుందో ఆమెకి కనపడలేదు.

* * *

ఏడో నంబరు సైకిలు మాది. మాది అంటే, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా అది గదిలో తిరగేసి ఉండేది. సీటూ హ్యాండిలూ నేలమీద, చక్రాలు పైకి. పూలమ్మి వెనక చక్రాన్ని తిప్పేది. పుల్లలు కలిసిపోయి పల్చటి వెండి పళ్ళెం అయ్యేవి. నెమ్మదించేకొద్దీ మళ్ళీ ఒక్కో పుల్లా విడిపోయి కనిపించేది. అది చూస్తూ ఆ పిల్ల ముందుకీ వెనక్కీ ఊగేది. ఎవరూ వద్దనేవాళ్ళు కాదు.

మామ చూసి చూసి, ఒకరోజు బెండు తీయడం, అంటే వంకరపోయిన చక్రాన్ని సరిచేయడం, నేర్పించాడు. బలపం ముక్కని ఫోర్కుకి ఆనించి, రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో కదలకుండా పట్టుకోవాలి. చక్రం మెల్లగా తిప్పాలి. రిమ్ము ఎక్కడ పక్కకి వంగి ఉందో అక్కడ బలపం గీటు పడుతుంది. గీటు పడిన చోట అవతలివైపు పుల్ల నిప్పిలు, అంటే పుల్లని రిమ్ముకి పట్టి ఉంచే చిన్న మర, అరచుట్టు బిగించి, ఇవతలివైపు పుల్ల అరచుట్టు వదలాలి. మళ్ళీ తిప్పాలి. గీటు పొట్టిదవుతుంది. మళ్ళీ బిగించాలి. చివరికి బలపం ఎక్కడా తగలకుండా చక్రం గిర్రున తిరుగుతుంది, ఆ తగలకపోవడం కూడా చెవికి తెలుస్తుంది. మామకి అరగంట పట్టే పని ఆ పిల్లకి పావుగంట. పుల్లల్ని వేలిగోటితో మీటి, ఏది వదులుగా ఉందో శబ్దాన్ని బట్టి చెప్పేది. మేళం మోతకి పడి అరిచే పిల్ల ఈ పిల్లేనా అని ఎదురంగడాయన ఆశ్చర్యపోయాడు. ఈ పిల్లే. ఆ చెవులే.

నేను లెక్క రాస్తూ ఉండేదాన్ని. మధ్యలో మామ చెనిక్కాయలూ బొరుగులూ కలిపిన పొట్లం ఒకటి తెచ్చేవాడు. తను చెనిక్కాయ ముట్టదు, నేను బొరుగు ముట్టను. పొట్లం విప్పి ఏరుకోవడమే మాకు పది నిమిషాల పని. ఒక్క గింజ కూడా మిగిలేది కాదు. దారినపోయేవాళ్ళు ఆగి, "ఏమప్పా, ఈ పిల్లోళ్ళిద్దరూ ఉలకరూ పలకరూ?" అనేవాళ్ళు. "పనిలో ఉండారు లే" అనేవాడు మామ.

* * *

గంగజాతర వారం గురించి చెప్పకుండా తిరుపతి పిల్ల జ్ఞాపకాలు పూర్తికావు. మే నెల ఎండలు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకి కైకాల వాళ్ళు అర్ధరాత్రి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఆడవాళ్ళని చెరిచే పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మవారు రోజుకో వేషం మార్చిందని కథ. అందుకని ఊరూ రోజుకో వేషం కడుతుంది. బైరాగి వేషానికి నామకొమ్ము పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం, మాతంగి వేషానికి మగవాళ్ళు చీరలు కట్టుకుంటారు. మామ ఏటా తోటి వేషం కట్టేవాడు. ఒళ్ళంతా బొగ్గుపొడి, మెళ్ళో వేపాకు. బూతులు తిడుతూ వీధంతా తిరిగి వచ్చేవాడు. మిగతా ఏడాది ఆ నోట ఒక్క చెడ్డమాట విని ఎరగను.

పంబలూ డప్పులూ సందులోకి కూడా వచ్చేసేవి ఆ వారం. మామ పొద్దున్నే పలకలన్నీ వేసేసి, లోపల మా ఇద్దరినీ కూచోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, అప్పుడు వేషానికి పోయేవాడు. చీకటి గది. పలకల సందుల్లోంచి ఎనిమిది సన్నటి వెలుతురు గీతలు. ఏడో నంబరు చక్రం తిరిగితే ఆ గీతలు గోడమీద ముక్కలు ముక్కలుగా పరుగెత్తేవి. మధ్యాహ్నం దాటాక మామ వచ్చి పెరటి బావి దగ్గర కూచునేవాడు. అత్త కుండలతో నీళ్ళు పోస్తుంటే బొగ్గంతా కారి నల్లటి కాలవ అయ్యేది. మామ మొహం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చేది. అది చూడడం నాకు చాలా ఇష్టం. వేషం కడిగేస్తే మళ్ళీ మన మామే.

ముప్పై ఏళ్ళ తరవాత ఈ దృశ్యం నాకెందుకు పనికొచ్చిందో చెప్తాను.

* * *

పూలమ్మికి పద్దెనిమిది నిండకుండానే శ్రీకాళహస్తిలో పెళ్ళి చేశారు. ముప్పై అయిదు, ముప్పై ఆరు కిలోమీటర్లు. మాకు అది వేరే దేశం. అత్తగారింట్లో "పొగరుమోతుది, పిలిస్తే పలకదు, కళ్ళలోకి చూడదు" అన్నారట. మా ఊళ్ళో వినపడ్డ మాటలే.

కార్డులు రాసుకునేవాళ్ళం. పదిహేను పైసల కార్డు. తను అయిదో తరగతి దాకా చదివింది. ఒక కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది: "మల్లె 40 మూరలు. కనకాంబరం 22. మరువం దొరకలేదు. వాన రెండు రోజులు. అరటినార సరిగా తడవక తెగింది." అంతే. క్షేమమా అని లేదు. నేను తిరుగుటపాలో రాసేదాన్ని: "ఈ వారం పుస్తకాలు 61 వచ్చాయి. అందులో 894.827 పద్నాలుగు." మాఇంట్లో చదివి నవ్వుకునేవాళ్ళు. కానీ నార తెగింది అని రాసిన వారం తను ఏడ్చిందని నాకు తెలిసేది. మూరల లెక్క పెరిగితే నిమ్మళంగా ఉందని తెలిసేది.

పిల్లలు పుట్టాక, ఇల్లు మారాక కార్డులు ఆగిపోయాయి. ఏ కార్డు ఆఖరిదో అప్పుడు తెలీదు కదా.

* * *

894.827 అంటే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం. నేను లైబ్రరీలో చేరాను. ఏ సంస్థదో అక్కర్లేదు. మొదటి ఇరవయ్యేళ్ళు క్యాటలాగు గదిలో. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు కార్డులు, అడుగున రంధ్రం, సొరుగులో వాటిని కలిపి పట్టే ఇత్తడి కడ్డీ. వేళ్ళతో కార్డులు వెనక్కి తోస్తుంటే వచ్చే ఆ తపతప చప్పుడు ఇప్పుడు చాలా లైబ్రరీల్లో లేదు. అక్కడ నేను బతికాను. మామ లెక్కపుస్తకమే వెయ్యింతలైనట్టు.

కంప్యూటర్లు వచ్చాయి, కార్డులు అటకెక్కాయి, నన్ను ముందు కౌంటరుకి మార్చారు. రోజుకి మూడు నాలుగు వందల మంది. ట్యూబులైటు గీపెట్టేది, అది నాకొక్కదానికే వినపడేది. కొత్తగా వచ్చిన అధికారి "కాస్త నవ్వుతూ మాట్లాడమ్మా" అన్నారు. నేర్చుకున్నాను. పక్క సీటు ఆమె ఎప్పుడు నవ్వుతుందో, ఎంతసేపు నవ్వుతుందో చూసి నవ్వేదాన్ని. కనుబొమల మధ్య చూస్తే కళ్ళలోకి చూసినట్టే ఉంటుందని కనిపెట్టాను. "తిన్నారా, పిల్లలు బాగున్నారా" అని వరసగా అడగడానికి మనసులో చీటీ రాసుకునేదాన్ని. అందరూ "ఎంత మారిపోయావు!" అన్నారు. కొలీగుల ఫొటోల్లో ఉన్నాను, పుట్టినరోజు కేకుల దగ్గరున్నాను. ఇంటికొచ్చి వంటింట్లో లైటు వెయ్యకుండా గంటలు గంటలు నేలమీద కూచునేదాన్ని.

మామ వేషం ఒక పూటది. నేను కట్టింది ఏడేళ్ళు. నీళ్ళు పోసేవాళ్ళు లేరు. ఒకనాడు పొద్దున లేవలేకపోయాను. జ్వరం లేదు, దెబ్బ లేదు. మాట పెగల్లేదు. ఆరు నెలలు అలాగే. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చేది, ఎవరికీ చెప్పలేదు. అలాంటి ఆలోచన వచ్చినవాళ్ళకి 2022 నుంచి టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ ఫోను సాయం ఉంది. 14416కి ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నాలాగా ఫోనంటే నోరు పడిపోయేవాళ్ళు నమ్మకమున్న మనిషిని పక్కన కూచోబెట్టుకుని, వాళ్ళ చేత మాట్లాడించినా ఫరవాలేదు. నా పక్కన అప్పుడు ఎవరూ లేరు. స్నేహితులు నలభై మంది ఉన్నారు.

* * *

వేలూరులో ఒక డాక్టరమ్మ మూడు పూటలు నాతో మాట్లాడింది. అంతకుముందు చూసిన ఇద్దరు డిప్రెషన్ అని మందులిచ్చి పంపారు. డిప్రెషన్ నిజమే, కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ వెతకలేదు. ఈవిడ నా చిన్నతనం అడిగింది, అమ్మని అడిగింది, బడిగంట గురించి కూడా అడిగింది. ఆటిజం అని చెప్పేసరికి నాకు నలభై ఏడేళ్ళు.

అప్పుడొక కాగితం నింపమంది. అందులో ఒక ప్రశ్న: సన్నిహిత స్నేహితులు ఎందరు? సున్నా వేశాను. ఆమె ఆ సున్నాని కాసేపు చూసి, "సరే, మాట్లాడకపోయినా అలిసిపోకుండా ఎవరి పక్కన కూచోగలవు?" అంది.

కళ్ళముందు చక్రం తిరిగింది. సున్నా కొట్టేసి ఒకటి వేశాను. తెల్లారి బస్సులో వచ్చేటప్పుడు మామని కూడా కలిపి రెండు వేయాల్సిందని గుర్తొచ్చింది.

తరవాత లైబ్రరీ మనిషి చేసే పనే చేశాను. చదివాను. లియో కానర్ అనే డాక్టరు 1943లో ఆటిజం ఉన్న పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. పదకొండు అన్న అంకె దగ్గర ఆగిపోయాను, మామ సైకిళ్ళన్ని. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉన్నాయి, ఆటిజం లేదు. 2016 చట్టంలో ఇరవై ఒక్క రకాలు, అందులో ఉంది. కౌంటరులో కూలిపోయిన రోజుల్లో "నాకు చప్పుడు లేని చోటు ఇవ్వండి" అని అడగడానికి నా దగ్గర మాట లేదు. ఇప్పటి పిల్లలకి ఆ మాట ఉంది, దాని వెనక చట్టం ఉంది. అడగండి. గట్టిగా అడగండి.

నన్ను ఏడిపించింది మాత్రం డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో రాసిన విషయం. ఆయనకీ ఆటిజం ఉంది. డబుల్ ఎంపతీ అన్నాడు, అంటే అర్థం కాకపోవడం రెండు వైపులా ఉందని. మీ మనసు మాకు అర్థం కావడం లేదనే గానీ, మా మనసు మీకు అర్థం కావడం లేదనే సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని. తప్పు ఒక వైపుది కాదు, రెండు వైపుల మధ్యది. 2020లో క్యాథరిన్ క్రాంప్టన్, ఆమె తోటివాళ్ళు ఒక పరీక్ష చేశారు. మన చిన్నప్పటి చెవిలో మాట చెప్పే ఆటే. ఎనిమిది మంది వరస, మొదటి మనిషికి కథ చెప్తే చివరికి ఎంత మిగులుతుంది? అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరస, ఆటిజం లేనివాళ్ళ వరసకి ఏమీ తీసిపోలేదు. కలగలిపిన వరసలో మాత్రం కథ ఎక్కువ జారిపోయింది. తరవాత ఇంకా ఎక్కువమందితో చేస్తే కలగలుపు వరసలోనూ ఆ తేడా కనపడలేదు, నిజం చెప్పాలి కదా. కానీ ఆటిజం ఉన్నవాళ్ళకి మాట అందించుకోవడం రాదన్న నింద రెండుసార్లూ నిలబడలేదు. మల్లె 40 మూరలు, నార తెగింది. నాకు అందింది కదా.

* * *

పూలమ్మిని వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. భర్త పోయాక తిరుపతికే వచ్చేసిందట, బైరాగిపట్టెడలో కొడుకు దగ్గర ఉంటూ పూలు కడుతోంది. నేను ఇన్నాళ్ళూ కూరగాయలకి పోయే దారే. గడప దగ్గర నిలబడ్డాను. తలెత్తి చూసింది. "ఇట్ల రా" అని చాప మీద పక్కకి జరిగింది. ముప్పై ఏళ్ళ తరవాత అంతే. పక్కన కూచుని నార తడిపి అందించాను. రెండు మల్లెలు అటు, రెండు మల్లెలు ఇటు, ముడి. ఆ పూట పన్నెండు మూరలు అయ్యాయి. ఆ రాత్రి నేను మాత్ర లేకుండా నిద్రపోయాను.

వేలూరు సంగతి చెప్పి, "నువ్వూ ఒకసారి చూపించుకుంటావా?" అని అడిగాను. "నాకెందుకు? నువ్వు తెలుసుకున్నావు గదా" అంది. నేను మళ్ళీ అడగలేదు. తనకి నేను పేరు పెట్టను.

మా వీధిలో ఒక పిల్లాడికి నాలుగేళ్ళ కిందట ఆటిజం అని చెప్పారు. వాళ్ళమ్మ కళ్ళు వాచిపోయి వచ్చింది. "వాడికి స్నేహితులెట్లా అక్కా? కళ్ళలోకి చూసి హలో చెప్పించమన్నారు. దినామూ చెప్పిస్తా ఉండా, ఏడుస్తా ఉండాడు." వాడికేమిష్టం అని అడిగాను. లిఫ్టులట. ఊళ్ళో ఏ లాడ్జిలో ఎన్ని అంతస్తుల లిఫ్టు ఉందో వాడికి నోటికి వచ్చు. "లిఫ్టులిష్టమైన ఇంకో పిల్లోణ్ణి వెతుకు, హలో సంగతి తరవాత" అన్నాను. వెతికింది. కొర్లగుంటలో దొరికాడు, వాడికి బస్సు నంబర్లు. ఆదివారాలు ఇద్దరూ ఒకే మెట్టు మీద కూచుని, ఒకడు లిఫ్టులు చెప్తాడు, ఒకడు బస్సులు చెప్తాడు. ఎవరూ ఎవరికీ బదులు చెప్పరు. పోయేటప్పుడు ఇద్దరూ ఏడుస్తారు, వచ్చే ఆదివారం ఎప్పుడని.

* * *

అంగడి ఖాళీ చేయడానికి పూలమ్మినే తోడు తీసుకుపోయాను. ఒక డబ్బాలో బేరింగు గోళీలు పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉంటే తను నేలమీద కూచుని ఏరడం మొదలుపెట్టింది. నేను అటకమీంచి లెక్కపుస్తకాలు దించాను. చెదలు పట్టలేదు, కిరసనాయిలు వాసనకేమో. నా చిన్నప్పటి రాత, గుండ్రంగా, గడి దాటకుండా.

ఒక పేజీ చదివాను. ఇంకో పేజీ. అలా ముప్పై పేజీలు తిప్పాను. అన్నిటిలోనూ ఒక వరస ఒకేలా ఉంది.

నంబరు: 7. పేరు: ఖాళీ. పోయిన టైము: 5. వచ్చిన టైము: 6. డబ్బులు గడిలో నా చేతిరాతే: రిపేరు.

రోజూ. ఆదివారాలు, పండగలు, జనం నిండుగా ఉండే బ్రహ్మోత్సవాల రోజులు కూడా. అప్పటి ఎండాకాలాలు గుర్తొచ్చాయి. సాయంత్రం అయిదు అయితే సైకిలు కోసం పిల్లలు సందులో క్యూ కట్టేవాళ్ళు. "ఏడో నంబరు రిపేరు అని రాయమ్మా" అనేవాడు మామ రోజూ. ఆయన చెప్పాడు కాబట్టి రిపేరే అనుకున్నాను. ఇన్నేళ్ళ పాటు రిపేరులోనే ఉన్న సైకిలు పొద్దున ఎలా అద్దెకి పోతోందని నాకు ఒక్కసారీ తట్టలేదు. మాటని మాటగానే తీసుకునే పిల్లని.

"పూలమ్మీ" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. "ఏడో నంబరుకి రిపేరు లేదు."

తను గోళీల మీంచి తలెత్తలేదు. "లేదు. దాని బెండు తీసింది నేనే గదా. రవ్వంత కూడా తగిలేది కాదు."

"నీకు తెలుసా? మరి నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు గదా మే."

పెద్ద గోళీలు ఒక డబ్బాలోకి, చిన్నవి ఇంకో డబ్బాలోకి వేసి మూతలు పెట్టింది. తరవాత లేచి గది మూలకి పోయి, గోనెపట్ట తీసింది. ఏడో నంబరు అక్కడే ఉంది, గోడకి ఆనించి, టైర్లు లేకుండా. ఇద్దరం పట్టుకుని తిరగేశాం. నా స్టూలు ఒక కాలు ఊగుతోంది, దానికింద లెక్కపుస్తకం అట్ట మడిచి పెట్టాను. తను వెనక చక్రాన్ని తిప్పింది. తుప్పు పట్టి ఉంది కాబట్టి మొదట కరకరమంది.